బాలానగర్‌లో చేయించిన ఇనుప బంపర్: పద్నాలుగు నెలల వాడకం తరవాత

మా ఇసుజు వీ-క్రాస్ పికప్‌కు ఇప్పుడున్నది రెండో ఇనుప బంపర్. మొదటిదాన్ని హైదరాబాద్ నగరంలోని ఒక యాక్సెసరీస్ షాపులో రెడీమేడ్‌గా కొన్నాను. అది ఏడు నెలలకే చేతులెత్తేసింది. రెండోదాన్ని బాలానగర్‌లోని ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో కొలతలిచ్చి చేయించుకున్నాను. అది ఒక పూర్తి వానాకాలాన్నీ ఒక ఎండాకాలాన్నీ దాటుకుని ఇప్పటికి పద్నాలుగు నెలలుగా పనిచేస్తోంది. ఈ సమీక్ష ప్రధానంగా రెండోదాని గురించే అయినా, మొదటిదానికి ఏమైందో చెప్పకుండా రెండోదాన్ని అలా ఎందుకు చేయించానో చెప్పడం కుదరదు.

బండి తిరిగే నేల గురించి ముందుగా కొంత చెప్పాలి. వికారాబాద్ వైపు మాకు కొద్దిపాటి పొలం ఉంది, బండి ఎక్కువ రోజులు అక్కడే ఉంటుంది. ఆ నేల నల్లరేగడి. జూలై, ఆగస్టు నెలల్లో నాలుగు వానలు గట్టిగా పడ్డాయంటే టైరు గాళ్లలో మట్టి పూడిపోయి చక్రం నున్నటి బిందెలా తయారవుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా నాలుగు చక్రాలూ కలిసి తిరిగి నాలుగు గుంటలు తవ్వడం తప్ప జరిగేదేమీ ఉండదు. పొలం దాటితే గుండ్రటి గ్రానైటు గుండ్లు, వాటి మధ్య వాగు కోసిన దారులు. రిజర్వు ఫారెస్టులోకి మేము బండి దించము, అది నేరం కూడా; అయితే పట్టా భూముల మధ్య ఉన్న ఈ దారులే బండి మూతి పగలగొట్టడానికి చాలినంత కఠినంగా ఉంటాయి. కాబట్టి నాకు బంపర్ నుంచి కావలసినవి మూడే: ఒడ్డు ఎక్కేటప్పుడు మూతి నేలకు తగలకూడదు, వించ్‌ను (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే మోటారును) నమ్మకంగా పట్టుకోవాలి, ఇంకొకరి బండిని లాగినా నా బండిని ఇంకొకరు లాగినా కొక్కెం ఊడిరాకూడదు. అందంగా కనబడటం ఈ జాబితాలో లేదని మొదటి బంపర్ కొన్ననాడు నాకు తెలియదు.

ఆ మొదటిది చూడటానికి మాత్రం కొండలా ఉండేది. ముందు పెద్ద గొట్టం, పక్కల రెండు కోరలు, కింద ఎర్ర రంగు వేసిన రెండు డీ-షాకిళ్లు, అంటే లాగే పట్టీ తగిలించే డీ ఆకారపు కొక్కేలు. షాపు కుర్రవాడు ఒక్కడే దాన్ని భుజాన వేసుకుని నడిచి వచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఇనుము లెక్క ఎవరినీ మోసం చేయదు: చదరపు మీటరు రేకు ప్రతి మిల్లీమీటరు మందానికీ 7.85 కిలోలు తూగుతుంది. అంటే 2 మి.మీ. రేకైతే చదరపు మీటరుకు 15.7 కిలోలు, 4 మి.మీ. అయితే 31.4 కిలోలు. పికప్ వెడల్పున్న బంపర్‌కు మడతలతో కలిపి సుమారు చదరపు మీటరుకు పైగానే రేకు పడుతుంది కనుక, బ్రాకెట్లూ వించ్ ప్లేటూ కలిపితే నిజమైన 4 మి.మీ. బంపర్‌ను ఒక్క మనిషి అంత తేలిగ్గా భుజాన మోయలేడు. షాపువారు నాకు చెప్పిన మందం నాలుగు. ఆ తరవాత కోసి చూస్తే తేలింది రెండుకు కాస్త ఎక్కువ.

అసలు ప్రమాదం రేకు మందంలో లేదు. ఏడో నెలలో స్నేహితుడి బండి వాగు ఇసుకలో కూరుకుపోతే, నా బంపర్‌కున్న ఎర్ర షాకిల్‌కు పట్టీ తగిలించి నెమ్మదిగా వెనక్కు లాగడం మొదలుపెట్టాను. పక్కన నిలబడి చూస్తున్న మా బావమరిది ఒక్కసారిగా రెండు చేతులూ ఊపి ఆపమన్నాడు. దిగి చూస్తే షాకిల్ తగిలించిన చెవి దగ్గర వెల్డింగ్ సగం దాకా విచ్చుకుని ఉంది. లోపల నల్ల రంగు కాదు, మెరుస్తున్న పచ్చి ఇనుము కనబడింది. ఆ చెవిని ముందు రేకుకు పైపైన అతికించారే తప్ప చాసిస్‌కు, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, దానికి ఏ సంబంధమూ లేదు. అది పూర్తిగా ఊడి ఉంటే, సాగిన పట్టీ బిగువు మీద ఆ కిలో బరువు ఇనుప ముక్క ఎదుటి బండి వెనక అద్దంలోంచి దూసుకుపోయేది. ఆ షాపుకు వెళ్లి అడిగితే, అవి అలంకారానికి పెట్టినవని, లాగడానికి వాడమని తాము ఎక్కడా చెప్పలేదని జవాబు వచ్చింది. నిజమే, చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తరవాత నాకు తోచిన మార్గాలు మూడు. మొదటిది, విదేశీ కంపెనీ బంపర్ తెప్పించుకోవడం. కంగారూలు అడ్డం వచ్చే ఆస్ట్రేలియాలో ఇది ముదిరిన విద్య. 1975లో మొదలైన ఏఆర్‌బీ వంటి కంపెనీలు ఒక్కొక్క మోడల్‌కు విడిగా బంపర్ రూపొందించి, ఆ బండి ఎయిర్‌బ్యాగులతో అది పొసగుతుందో లేదో పరీక్షించి మరీ అమ్ముతాయి. నాణ్యతను గురించి నాకు ఏ సందేహమూ లేదు. సుంకాలూ రవాణా కలిపి నాకు చెప్పిన ధర మాత్రం నా పాత బండి ఇప్పటి విలువలో చెప్పుకోదగ్గ భాగం. పైగా మన శ్రీసిటీలో తయారయ్యే బండికీ అక్కడ అమ్మే బండికీ ముందు భాగంలో చిన్న చిన్న తేడాలుంటే, కుదరకపోయిన సరుకును తిరిగి పంపడం అయ్యే పని కాదు. రెండోది, కంపెనీ బంపర్‌ను అలాగే ఉంచి దాని వెనక దాగి ఉండే వించ్ ప్లేటును మాత్రం చాసిస్‌కు బిగించడం. నెలకో ఆదివారం మాత్రమే మట్టిలోకి వెళ్లే వాళ్లందరికీ నేను చెప్పేది ఇదే. బరువు సగం, ఖర్చు సగం, బండి రూపం పెద్దగా మారదు. నేను దాన్ని వదులుకోవడానికి కారణం ఒక్కటే: నా బండికి ప్లాస్టిక్ మూలలు అప్పటికే రెండుసార్లు గుండ్లకు తగిలి పగిలాయి, క్లిప్పులు ఊడి తాడుతో కట్టుకుని ఇంటికి వచ్చిన రోజులున్నాయి. మూడోది, కొలతలిచ్చి చేయించుకోవడం.

బాలానగర్ గురించి హైదరాబాదీలకు వేరే చెప్పనక్కరలేదు. ఫ్లైఓవర్ దిగి లోపలి వీధుల్లోకి మళ్లితే రేకు కోసేవారు, మడత పెట్టేవారు, లేతు పని చేసేవారు, పౌడర్ కోటింగ్ వేసేవారు ఒకరికొకరు నడక దూరంలోనే దొరుకుతారు. నేను ఎంచుకున్న షెడ్డుకు బోర్డు కూడా సరిగా లేదు. ఎక్కువగా కంపెనీలకు మెషీన్ కవర్లు, ట్యాంకు స్టాండ్లు చేస్తారు. బంపర్లు చేయడం వారికి పక్కపని. అదే నన్ను ఆకర్షించింది. బంపర్లే అమ్మే షాపులో గోడ నిండా ఫొటోలుంటాయి, రేకు మందం అడిగితే మాట మారుస్తారు, ఇక్కడ మేస్త్రీ నా ప్రశ్న పూర్తి కాకముందే జేబులోంచి మందం కొలిచే వెర్నియర్ తీసి, మూలనున్న రేకు అంచును పట్టి, చూపు నా వైపు తిప్పాడు: "చూస్కో సార్, మూడు పాయింట్ తొమ్మిది. నాలుగు అంటే గింతనే వస్తది, పూరా నాలుగు అని ఎవ్వడన్నా అంటే నమ్మకు."

నేను గీసుకుని వెళ్లిన బొమ్మను ఆయన అయిదు నిమిషాలు చూసి రెండు చోట్ల కొట్టేశాడు. నేను బంపర్ ముందు భాగాన్నంతా గట్టి రేకుతో మూసేయమన్నాను. "ముందర మొత్తం మూస్తే రేడియేటర్‌కు గాలి ఎట్ల పోతది సార్? ఇంటర్‌కూలర్ కూడా ఆడ్నే ఉంది. ఎండాకాలం ఏసీ ఏసుకొని గుట్ట ఎక్కినప్పుడు తెలుస్తది," అన్నాడు. రెండోది, షాకిల్ చెవులకు నేను రాసిన 12 మి.మీ. మందం. "నువ్వు ఏసే షాకిల్ ఏంది? ముప్పావు ఇంచుదా? గట్లైతే ఇరవై పెడదాం అన్నా, లేకుంటే షాకిల్ పక్కకు వాలి ఆడుతది." నన్ను సార్ అనడం మాని అన్నా అన్నది ఆ మాటలోనే, అప్పుడే ఈ పని ఇక్కడే జరగాలనుకున్నాను. ముప్పావు అంగుళం షాకిల్‌కు సురక్షిత భారం 4.75 టన్నులు, దాని పిన్ను మందం 22 మి.మీ. పైచిలుకు, నోరు సుమారు 32 మి.మీ. వెడల్పు. ఆ నోట్లో 12 మి.మీ. చెవి వదులుగా ఊగుతుందన్న సంగతి అప్పటిదాకా నేను చదివిన ఏ అమ్మకపు కాగితంలోనూ లేదు.

బంపర్ పనిలో నిజంగా తెలుసుకోవలసినదంతా రంగు వేశాక కనబడని చోటే ఉంటుంది కనుక ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను. ముందు రేకు ఎంత మందమైనా, దాన్ని చాసిస్‌తో కలిపే బ్రాకెట్లే భారమంతా మోస్తాయి. మా బంపర్‌కు చాసిస్ రెండు దూలాల కొనలకూ 8 మి.మీ. ప్లేటుతో రెండు బ్రాకెట్లు చేశారు. అవి చాసిస్ కొన మీద మాత్రమే అంటుకుని నిలబడకుండా, దూలం పక్క గోడ వెంట వెనక్కు జానెడు దూరం వెళ్లి, కంపెనీ ముందే వదిలిన రంధ్రాల్లోంచి బోల్టులతో బిగుసుకుంటాయి. చాసిస్‌కు కొత్తగా రంధ్రం వేయకూడదని, దాని మీద ఎక్కడా వెల్డింగ్ చేయకూడదని నేను పెట్టిన షరతు. వేడికి ఆ చోట ఇనుము గుణం మారుతుంది, తరవాత బండి అమ్మేటప్పుడూ బీమా సర్వేయరు ముందూ అదో తలనొప్పి. బోల్టులు గట్టి రకమైన 10.9 గ్రేడువి, తల మీద ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. ఏ అంకే లేని బోల్టు తెచ్చి బిగిస్తుంటే అక్కడే ఆపమనాలి. షాకిల్ చెవులు ముందు రేకుకు అతికించినవి కావు: రేకులో గాటు కోసి, చెవిని దాని గుండా లోపలికి దూర్చి, వెనక బ్రాకెట్‌కు రెండు వైపులా వెల్డింగ్ చేశారు. రేకు మొత్తం కోసి పారేసినా చెవి చాసిస్‌కే ఉంటుంది. మొదటి బంపర్‌కూ దీనికీ ఉన్న తేడా ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే.

వించ్ ప్లేటు 6 మి.మీ., రెండు అంచులూ పైకి మడిచినది. మడత లేని బల్లపరుపు ప్లేటు లాగినప్పుడు గిన్నెలా వంగుతుంది. చాలా వించ్‌ల పాదాల రంధ్రాలు 254 మి.మీ. పొడవూ 114.3 మి.మీ. వెడల్పూ ఉన్న దీర్ఘచతురస్రంలో ఉంటాయి కనుక, వించ్ కొనకముందే ప్లేటు చేయించుకోవచ్చు. నేను మాత్రం వించ్‌ను ఎదురుగా పెట్టించే కొలతలు తీయించాను, వించ్ క్లచ్ పిడికి చెయ్యి అందుతుందో లేదో కాగితం మీద తెలియదు కాబట్టి. వించ్ శక్తి బండి పూర్తి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలనేది వాడుకలో ఉన్న లెక్క. నాది 12,000 పౌండ్లది, అంటే సుమారు 5,440 కిలోలు. బురద కాళ్లు పట్టుకున్నప్పుడు బండి బరువు ఒక్కటే లెక్క కాదని నల్లరేగడిలో ఒకసారి దిగినవారికి తెలుసు. ఆ శక్తి కూడా డ్రమ్ము మీద మొదటి చుట్టుకే వర్తిస్తుంది, తాడు పొరలు పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఉక్కు తాడుకు బదులు సింథటిక్ తాడు వేయించాను. అందువల్ల తాడు వచ్చే నోటికి రోలర్లు కాకుండా హాస్ అనే నున్నటి అల్యూమినియం దిమ్మ పెట్టాలి. ఉక్కు తాడు తిరిగిన పాత రోలర్ల మీద సింథటిక్ తాడు వేస్తే, వాటి మీద ఉక్కు చేసిన గీతల అంచులు దాన్ని బ్లేడులా కోస్తాయి.

అల్యూమినియంతోనే మొత్తం చేయించవచ్చు కదా అని చాలామంది అడిగారు. అల్యూమినియం బిగువు ఉక్కులో మూడోవంతే కనుక, 4 మి.మీ. ఉక్కు రేకు ఎంత వంగకుండా ఉంటుందో అంత ఉండాలంటే దాదాపు 6 మి.మీ. అల్యూమినియం కావాలి, అయినా బరువు సగమే అవుతుంది, ఆ మేలు కాదనలేనిది. అయితే వెల్డింగ్ వేడి తగిలిన చోట అల్యూమినియం బలం తగ్గుతుంది, దానికి టిగ్ వెల్డింగ్‌లో చెయ్యి తిరిగిన మనిషి కావాలి, పొలం దగ్గర వంగితే ఊళ్లో వెల్డరు దాన్ని సరిచేయలేడు. నాకు వంగినా సుత్తితో కొట్టుకోగల ఇనుమే నయం.

కోసే ముందు అట్టతో నమూనా చేయడం మేస్త్రీ ఆలోచనే. ఫ్రిజ్ వచ్చిన పెట్టెను కోసి, బ్రౌన్ టేపు అంటించి, బండి మూతికి కట్టి, స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూశాము. ఎడమ చక్రం బంపర్ మూలకు తగులుతుందని అప్పుడే బయటపడి, ఆ మూలను 40 మి.మీ. లోపలికి కోశారు. అప్రోచ్ యాంగిల్, అంటే మూతి తగలకుండా బండి ఎక్కగల వాలు, కొలవడానికి కూడా పెద్ద పరికరాలేవీ అక్కరలేదు: సెంట్రింగ్ పలక ఒకదాన్ని ముందు టైరుకు ఆనించి, రెండో కొన బంపర్ అడుగు అంచుకు తగిలేదాకా ఎత్తి, పలక మీద ఫోను పెట్టి లెవెల్ యాప్ చూస్తే సరి. కంపెనీ బంపర్‌తో నాకు 29 డిగ్రీలు వచ్చింది, కొత్త బంపర్‌తో 36. ఆ ఏడు డిగ్రీలు కాగితం మీద చిన్నవే. మా పొలం గట్టు దగ్గర, ఇదివరకు ప్రతిసారీ గీసుకునే చోట, ఇప్పుడు బంపర్ కింద రెండు వేళ్ల సందు ఉంటుంది. మూలలు మరీ కోసేసిన పొట్టి బంపర్ అయితే ఇంకా పెరిగేది, కానీ అప్పుడు హెడ్‌లైటు కింది భాగం గుండ్లకు ఎదురుగా బయటపడుతుంది. నేను నడిమి దారి ఎంచుకున్నాను.

ఇక బరువు. బంపర్, బ్రాకెట్లు, వించ్ కలిపి, తీసేసిన కంపెనీ భాగాలను మినహాయిస్తే, బండికి నికరంగా పెరిగినది సుమారు 80 కిలోలు. ఇది ముందు ఇరుసుకు సుమారు 850 మి.మీ. ముందుకు వేలాడుతుంది, బండి వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం) 3,095 మి.మీ. తూనిక కర్ర సూత్రం వేసి చూస్తే ముందు ఇరుసు మీద పెరిగేది 80 కాదు, 102 కిలోలు. ఆ అదనపు 22 కిలోలు వెనక ఇరుసు మీంచి లేచిపోతాయి. ఖాళీ పికప్‌కు వెనక భాగం మొదటి నుంచీ తేలిక కనుక, వానలో బ్రేకు వేసినప్పుడు ఆ తేడా నాకు స్పష్టంగా తెలిసింది. మొదటి వారంలోనే ముందు భాగం 18 మి.మీ. కుంగింది, హెడ్‌లైట్ల వెలుగు దగ్గరగా పడటం మొదలైంది, పదును మలుపుల్లో మూతి బరువుగా వాలేది. ముందు స్ప్రింగులను గట్టివాటితో మార్చి, అలైన్‌మెంటు చేయించి, లైట్లు సరిచేయించుకునేసరికి బంపర్ ఖర్చులో మూడోవంతు మళ్లీ అయింది. బంపర్ ధర అడిగేవారందరూ ఈ మూడోవంతును ముందే కలుపుకోవాలి.

వెల్డింగ్ పని బాగుంది. సీఓటూ వెల్డింగ్‌తో ప్రధాన జాయింట్లన్నిటికీ లోపలా బయటా రెండు వైపులా వేశారు. నేను పెట్టిన మరో షరతు, పచ్చి ఇనుముగా ఉన్నప్పుడే బంపర్‌ను చూసి ఒప్పుకున్నాకే రంగు వేయాలని. చాలా చోట్ల వెల్డింగ్‌ను నున్నగా గ్రైండింగ్ చేసి, పల్లాలకు పుట్టీ పూసి, పైన మెరిసే నలుపు కొట్టి ఇస్తారు. గ్రైండింగ్‌తో జాయింట్ బలమే తరిగిపోతుంది, పుట్టీ కింద ఏముందో దేవుడికే తెలుస్తుంది. ఇప్పటికే రంగు వేసిన బంపర్‌ను కొనేవారు ఫ్రిజ్ మీది చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. జాయింట్ల మీద అది సరిగా పట్టుకోకపోతే అక్కడ ఇనుము మీద మందంగా వేరే ఏదో ఉందన్నమాట.

రంగు విషయంలో నేను చేసిన ఎంపిక తప్పు. పౌడర్ కోటింగ్ వేయించాను. రేకును బాగా శుభ్రం చేసి, పొడి చల్లి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చే ఈ పూత కొత్తలో అద్దంలా ఉంటుంది. కానీ రాయి తగిలి ఒకచోట పెచ్చు లేచిందంటే, ఆ సందులోంచి నీరు పూత కిందికి పాకి, పైకి బాగానే కనబడుతూ లోపల తుప్పు పెరుగుతుంది. ఆ చోటును ఇంట్లో సరిచేసుకోవడం సాధ్యం కాదు. మొదటి వానాకాలం తరవాత అడుగు మడతలో గోధుమ రంగు చార కనబడింది, గోకితే అరచేయంత పొర లేచి వచ్చింది. గుండ్లకు గీసుకునే బంపర్‌కు ఎపాక్సీ ప్రైమరు, దాని మీద మామూలు పీయూ పెయింటు ఉత్తమం. గీత పడితే డబ్బా మూత తీసి మళ్లీ పూసుకోవచ్చు. అడుగు మడతలో నీరు కారిపోవడానికి రంధ్రాలు నాలుగు వేయమంటే రెండే వేశారు, తుప్పు సరిగ్గా రంధ్రం లేని మూలల్లోనే మొదలైంది.

షెడ్డు మీద నా ఫిర్యాదులు మరికొన్ని ఉన్నాయి. పది రోజులన్నారు, ఇరవై ఆరు రోజులు పట్టింది. మధ్యలో కంపెనీ ఆర్డరు వస్తే మన పని మూలకు పోతుంది. ఎడమ ఫాగ్‌లైటు కోత కుడిదానికంటే 8 మి.మీ. కిందికి ఉంది, ఎదురుగా నిలబడితే కనబడుతుంది. ఆ లైటు బ్రాకెట్ పలుచని పట్టీ కావడంతో రాళ్ల దారిలో వణికి వెలుగు గంతులేస్తుంది. నంబరు ప్లేటుకు చోటు వదలడం అందరం మరిచిపోయాము. వించ్ నోటికి అడ్డం పడకుండా దాన్ని తరవాత కీలు మీద బిగించాల్సి వచ్చింది. రాతపూర్వకమైన వారంటీ అంటూ ఏమీ లేదు, బిల్లు మాత్రం అడిగితే ఇచ్చారు. మొత్తం నాకు రంగుతో కలిపి 46,000 రూపాయలైంది, వించ్ విడి.

పనితనానికి పరీక్ష పోయిన ఆగస్టులో జరిగింది. పక్క పొలం వారి ట్రాక్టరు ట్రాలీ, ఎరువు బస్తాలతో సహా, ఇరుసుల దాకా రేగడిలో దిగిపోయింది. మా బండి వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వేప మొద్దుకు వెనక నుంచి పట్టీ కట్టి, తాడుకు కప్పీ వేసి రెండు పేటలుగా మార్చి లాగాము. తాడు బిగుసుకుని సన్నగా మూలిగింది, బండి ముందు భాగం నాలుగు వేళ్ల మేర కిందికి వంగింది, ఇంజను రేసులో ఉన్నా బ్యాటరీ లైటు మిణుకుమంది; పూర్తి భారం మీద వించ్ సుమారు 400 ఆంపియర్లు తాగుతుంది మరి. పావుగంటలో ట్రాలీ బయటికి వచ్చింది. మర్నాడు పొద్దున బ్రాకెట్ల దగ్గర వెల్డింగ్‌లన్నిటినీ గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, టార్చి వేసి చూశాను. ఎక్కడా వెంట్రుక వాసి చీలిక లేదు. బోల్టులకు నేను పెట్టిన తెల్ల పెయింటు గుర్తులు కూడా జరగలేదు.

చట్టం సంగతి దాచడం న్యాయం కాదు. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు లేఖ రాస్తూ, బండ్ల మూతికి క్రాష్‌గార్డులు, బుల్‌బార్లు అనే ఇనుప రక్షణలు బిగించడం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుకు విరుద్ధమని, చర్య తీసుకోవాలని చెప్పింది. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. దీని వెనక కారణం కూడా సబబైనదే. కంపెనీ బంపర్ వెనకున్న క్రాష్ బీమ్ నలుగుతూ దెబ్బను మింగుతుంది, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకోవాలో ఆ నలిగే తీరును బట్టే లెక్కగట్టి ఉంటారు. మనం దాని స్థానంలో వంగని ఇనుము పెడితే ఆ లెక్క తప్పుతుంది. ఎదురొచ్చే మనిషికి ఆ ఇనుప అంచు మరీ ప్రమాదం. బాలానగర్ షెడ్డు ఎంత బాగా వెల్డింగ్ చేసినా, నా బంపర్‌ను ఏ గోడకూ గుద్ది పరీక్షించలేదు.

అందుకే షెడ్డువారికి నేను మొదటే చెప్పాను, కంపెనీ బంపర్‌నూ బీమ్‌నూ ఏ కోతా పెట్టకుండా తిరిగి బిగించే వీలుండాలని. ఇప్పుడు అవి పొలం దగ్గర రేకుల షెడ్డులో, గోనెసంచులు చుట్టి దూలానికి వేలాడుతున్నాయి. బండిని నగరానికి తేవలసి వచ్చినప్పుడు ఇనుప బంపర్ విప్పి వాటిని బిగిస్తాము. ఇద్దరు మనుషులూ ఒక చైన్ కప్పీ ఉంటే గంటన్నర పని. దీని వల్ల నేను శుద్ధపూసనని చెప్పుకోను: పొలం నుంచి వాగు దాకా ఉన్న పంచాయతీ రోడ్డు కూడా చట్టం కంటికి రోడ్డే. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకు వెళ్లే బండికి ఇలాంటి బంపర్ పెట్టించుకుంటానని ఎవరైనా అడిగితే మాత్రం, వద్దనే చెబుతాను. బీమా పాలసీలో ప్రకటించని మార్పు క్లెయిము రోజున ఎలా తిరగబడుతుందో కూడా ఆలోచించుకోమంటాను.

వెనక బంపర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పికప్ వెనక భాగం పొడవు కనుక గట్టు దిగేటప్పుడు తగిలేది అదే. కానీ అక్కడ నాకు మెరిసే ఇనుము కన్నా, చాసిస్‌కు గట్టిగా బిగిసిన ఒక్క కొక్కెం చాలనిపించింది. అదీ ఇదే షెడ్డులో ఇచ్చాను. ఈసారి రంధ్రాలు నాలుగూ కోసి చూపించాకే రంగు, పీయూ పెయింటే వేయాలి, పౌడర్ వద్దు అన్నాను. "ఫాగ్‌లైటు కూడా సీదా చేస్తా అన్నా, దాన్ని ఎప్పుడు తెస్తవో చెప్పు," అన్నాడు మేస్త్రీ. పది రోజులన్నాడు. నేను నెల లెక్కేసుకున్నాను.